పొగబొంగుల పందిరి

వనవాసంలో పర్ణశాల కట్టుకోవడానికి రాములవారు, లక్ష్మణస్వామి వెదురు నరికారు కదా. ఎవరిని అడిగి నరికారు?

ఈ సందేహం నాకు పదేళ్ల వయసులో వచ్చింది. నవమికి మా ఊళ్లో హరికథ చెప్పడానికి వచ్చిన దాసుగారిని అడిగితే, "రాజుగారు ఒకరిని అడిగేదేమిట్రా" అని చిడతలతో నెత్తిమీద చిన్నగా మొట్టారు. జనం నవ్వారు, నేనూ నవ్వాను. సందేహం మాత్రం పోలేదు. పెళ్లయి, పిల్లలు పుట్టి, రోజూ దీపం పెట్టుకునే వయసొచ్చాక కూడా అప్పుడప్పుడు పూజలో నా పక్కనే వచ్చి కూర్చునేది. రాజే, ఒప్పుకుంటాను. కానీ రాజ్యం వదిలేసి వచ్చినవాడు కదా అప్పటికి.

మాది పందిళ్ల వృత్తి. మా నాన్న గోదావరికి అవతల నుంచి అశ్వారావుపేట వచ్చి మొదలుపెట్టాడు, నేను కొనసాగిస్తున్నాను. 'పందిళ్ల నారాయణ' అంటే ఈ చుట్టుపక్కల ఎవరైనా ఇల్లు చూపిస్తారు. బొంగు నా అన్నం. అందుకే కాబోలు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. దానికి జవాబు దొరికిందో లేదో చెప్పలేను గానీ, ఆ ఏడు మాఘం నుంచి చైత్రం దాకా రాళ్లవాగు గుంపులో నేను చూసింది మాత్రం చెప్పగలను.

రాళ్లవాగు గుంపు అంటే పంతొమ్మిది కోయ ఇళ్లు. ఇళ్ల వెనక గుట్ట, గుట్ట నిండా వెదురు. ఆ వెదురు మీద హక్కు వాళ్లకే వచ్చాక సంఘం పెట్టుకున్నారు. సంఘానికి పెద్ద వనజ. మాఘం మొదట్లో నేను వెళ్లేసరికి ఆమెకూ, ఆమె అత్త జంపక్కకూ తగువు నడుస్తోంది. చుట్టూ అందరూ చేరి వింటున్నారు.

"ఎప్పుడో వానకాలంల తిన్న కూర. అరిగి గూడ పోయింది. దానికి ఇప్పుడు దండుగేందే?" అంటోంది జంపక్క.

"అరిగింది నీకు. పొదకు అరగలే. ఆరు కొమ్ములు ఇరిచినవ్ అత్తా. ఆరు బొంగులు పోయినయ్."

"ముసలి నోటికి ఇంత రుచి తగిలితే ఓర్వలేవు. కోడలివి గావు, ఫారెస్టోళ్ల చుట్టానివి."

"నీకు ఇడిసిపెడితే రేపు అందరికీ ఇడిసిపెట్టాలె. ఆ ఇరిచిన పొద నువ్వే బాగుచెయ్యాలె. గదే దండుగ."

వానలకు నేలలోంచి మొలిచే వెదురు కొమ్ముల కూర ఎంత బాగుంటుందో తిన్నవాళ్లకే తెలుసు. సంఘం పెట్టిన రోజునే ఆ కూర మానేశారు వాళ్లు. ఇవాళ్టి కొమ్మే మూడేళ్లకు బొంగు. గుట్టను నాలుగు భాగాలు చేసుకుని ఏడాదికి ఒక భాగంలోనే నరుకుతారు. అందులోనూ లేతవి ముట్టరు. పొద మధ్యలో కత్తి పెట్టరు. మొదలు దగ్గర రెండో కణుపు పైనే నరుకుతారు. పూజలో నాకు ఎంత నియమం ఉందో వాళ్లకు వెదురులో అంత ఉంది. ఒక్కోసారి నాకంటే ఎక్కువే ఉందనిపిస్తుంది.

నియమం బాగానే ఉంది, బజారే బాగాలేదు. నిండా నింపితేగాని లారీవాడు కదలడు. రవాణా పర్మిట్ ఒకరోజు ఆలస్యమైతే లారీ కిరాయి మీద పడుతుంది. వంకర బొంగు ఎవరికీ అక్కర్లేదు. అడవిలో అన్నీ నిటారుగా పెరగవు కదా. బొంగులు అమ్ముడుపోక ముందే నరికినవాళ్లకు కూలి ఇవ్వాలి. వీటన్నిటికీ మించి ఊరూరా ఇనప పైపుల పందిళ్లు వచ్చిపడ్డాయి. వనజ ఇవన్నీ గొణుక్కోకుండా నెట్టుకొచ్చేది. వంకరవాటిని చీల్చి తడకలు అల్లించేది. చివర్లను కాకర, బీర పాదులు పెట్టే రైతులకు పంపేది. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. నేనూ అంతే చదివాను, నాకైతే ఆ ఓపిక లేదు.

ఆ రోజు నేను వెళ్లింది నవమి పందిరి కోసం. భద్రాచలం నడిచిపోయే భక్తులు ఎండకు ఆగడానికి రోడ్డు పక్క సత్రం దగ్గర ఏటా చలువ పందిరి వేస్తాను. మా నాన్న నుంచి వస్తున్న పని అది. ఈసారి సత్రం పెద్దలు ముందే చెప్పేశారు: "పైపులవాళ్లు సగం రోజులో నిలబెడతామంటున్నారు నారాయణా. నీ మొహం చూసి ఈ ఒక్క ఏడూ నీకిస్తున్నాం. తేడా వస్తే మమ్మల్ని అనొద్దు."

నా పాత బొంగులు చాలామటుకు చెదలు పట్టి పోయాయి. రెండు వందలు కావాలన్నాను. వనజ వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుని, "ఇస్తం అన్నా. అమాస ఎల్లినంక కత్తి పెడతం. ట్రాక్టర్ పట్టుకొని రా" అంది.

అమావాస్య వెళ్లాక ట్రాక్టర్ వేసుకుని వెళ్లాను. గుట్ట మొదట్లో కొబ్బరికాయ కొట్టి, కొండదేవరకు చెప్పుకుని అందరూ పైకెక్కారు. జంపక్క అప్పటికే తన దండుగ పొద దగ్గర కూర్చుని ఎండుకొమ్మలు లాగుతోంది. లాగుతూ లాగుతూ చెయ్యి ఆపింది. ఒక రెమ్మ కిందికి వంచి చాలాసేపు చూసింది.

"వనజా, గిటు రా."

ఆ గొంతులో తగువునాటి ఎకసెక్కం లేదు. వనజతోపాటు నేనూ వెళ్లాను. రెమ్మకు ఆకు రాలిపోయి, కణుపు కణుపుకూ చిన్న చిన్న ముళ్లబంతుల్లాంటివి ఉన్నాయి. ఎండుగడ్డి రంగు. నేను పురుగేమో అనుకున్నాను.

"పూత," అంది జంపక్క.

ఒక్కొక్కరూ ఒక్కో పొదవైపు పరుగెత్తారు. కాసేపటికి గుట్ట నలువైపుల నుంచీ కేకలు వచ్చాయి. "ఈడ గూడ!" "ఈడ గూడ ఉన్నది!" అందరికంటే పైనుంచి వనజ మొగుడు వీరబాబు గొంతు వినబడింది: "గుట్ట మొత్తం పూసిందే!"

వెదురు జన్మకు ఒక్కసారే పూస్తుంది. పూస్తే అంతా ఒక్కసారే పూస్తుంది. గింజ పట్టి, గింజ రాలి, చచ్చిపోతుంది. మనిషి తన బతుకులో ఒకసారో, మహా అయితే రెండుసార్లో చూస్తాడు. నేనెప్పుడూ చూడలేదు. వనజ పుట్టకముందు సంగతి అది. ఆ రోజు ఎవరూ కత్తి తియ్యలేదు. నా ట్రాక్టర్ ఖాళీగా వెనక్కి వచ్చింది.

అడవిలో పూసిన పూత కబురు బజారుకు చేరడానికి ఎంతోసేపు పట్టదు. ఆ వారంలోనే ఒక కట్టెల వ్యాపారి జీపు వేసుకుని గుంపుకు వచ్చాడు. నేను కూడా నా బొంగుల సంగతి తేల్చుకుందామని అక్కడే ఉన్నాను. ఆయన మోసపు మాటలేం చెప్పలేదు. ఉన్నదే చెప్పాడు.

"పూసింది ఎట్లయినా సచ్చేదే. గింజ పట్టినంక బొంగు పెళుసైతది, పొయ్యిల పెట్టుకోను తప్ప పనికిరాదు. ఇప్పుడు నరికితే గుట్ట మొత్తం నేనే కొంట. ఆలోచన చేసుకోండ్రి."

ఆయన వెళ్లాక అందరూ సంఘం పాక కింద కూర్చున్నారు. మొదట మాట్లాడింది వీరబాబు.

"సచ్చేదాన్ని సావనిచ్చి చేతులు కడుక్కుందమా? మళ్ల కొత్త ఎదురు నరికేటందుకు రావాలంటే పదేండ్లు పడతది. పదేండ్లు ఏం తిందం? ఉన్నప్పుడే అమ్ముకోవాలె గద. అన్నకు గూడ పందిరి బొంగులు ఎల్తయ్."

చాలా తలలు ఊగాయి. నిజం చెప్పాలంటే నా తల కూడా.

జంపక్క లేవకుండానే చెయ్యెత్తి అవతలి గుట్ట చూపించింది. ఒక్క వెదురు మొక్క లేదు దానిమీద. ఎర్రటి రాళ్లు, అక్కడక్కడ తుప్పలు.

"గది ఎందుకు గట్లున్నదో ఎరికేనా? పోయినసారి పూసినప్పుడు గుత్తేదారు ఒగడు వచ్చి, గింజ రాలకముందే దాన్ని గొరిగిండు. పైసలు మంచిగనే ఇచ్చిండు, తిన్నం. ఈ గుట్టకు తొవ్వ లేక రాలే. ఇది గింజ రాల్చుకున్నది. ఇన్నేండ్లు మీరు నరికింది ఆ గింజనే."

అప్పుడామె నావైపు తిరిగింది.

"గీ పందిళ్లాయన తల్లి గూడ ఆ ఏడే వచ్చింది. కరువు. కొత్తగ వచ్చిన్రు, ఎవలెరిక లేదు. ఈ పిలగాడు సంకల ఉన్నడు. మా అత్త ఆ రాలిన గింజనే దంచి కుంచెడు ఎదురుబియ్యం కొలిచి పోసింది. పని దొరికినంక మళ్ల తెచ్చి ఇస్తనన్నది ఆ తల్లి. 'ఇప్పుడెందుకు, మళ్ల ఎదురు పూసిననాడు ఇయ్యి' అన్నది మా అత్త. అందరం నవ్వినం."

ఈ కథ నాకెవరూ చెప్పలేదు. తల వంచుకున్నాను.

వనజ అంతసేపూ వింటూనే ఉంది. ఆమె మొగుడి మాటను కొట్టిపారెయ్యలేదు, అత్త మాటను ఆకాశానికెత్తలేదు. "ఇద్దరూ చెప్పిన్రు. ఇప్పుడే చేతులెత్తుమంటే ఒగల మొకం ఒగలు చూసి ఎత్తుతరు. ఇంటికి పోయి పండుకోండ్రి. పొద్దుగాల గుట్ట మొదట్లకు రాండ్రి. నరుకుదమనేటోళ్లు కత్తి పట్టుకొని రాండ్రి. ఆగుదమనేటోళ్లు చీపురు పట్టుకొని రాండ్రి."

పొద కింద నేల ఊడ్చి ఉంచితేనే రాలిన గింజ ఏరుకోవడానికి వస్తుంది. అందుకు చీపురు.

"నీ పందిరి ఎట్లనో అన్నా," అంది నాతో.

"నా పందిరి సంగతి నేను చూసుకుంటానమ్మా," అన్నాను. ఎలా చూసుకుంటానో నాకే తెలియదు.

మర్నాడు దీపం పెట్టి కూర్చుంటే దేవుణ్ని ఏం అడగాలో తెలియలేదు. కత్తులు రావాలని అడగనా, చీపుళ్లు రావాలని అడగనా? కత్తులొస్తే నా పని జరుగుతుంది. అది స్వామి భక్తుల పనే కదా, అడిగితే తప్పేముంది అని ఒక మనసు. ఆ ఎర్రరాళ్ల గుట్ట కళ్లముందు కనబడుతుంటే ఇంకో మనసు. ఏదీ అడగకుండా హారతిచ్చి లేచి, బండి తీశాను.

నేను వెళ్లేసరికి గుట్ట మొదట్లో సగం గుంపు ఉంది, మిగతావాళ్లూ వస్తున్నారు. ఆడవాళ్లంతా చీపుళ్లతో వచ్చారు. మగవాళ్లూ చీపుళ్లే తెచ్చారు, కొందరు భుజం మీద, కొందరు సిగ్గుపడ్డట్టు వీపు వెనక పట్టుకున్నారు. ఒకాయన కత్తీ తెచ్చాడు, చీపురూ తెచ్చాడు. "ఏందయ్యా నీది?" అని అడిగితే, "కత్తి లేంది గుట్ట ఎక్కుడు అలవాటు లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. వీరబాబు మాత్రం రాలేదు. వనజ దారివైపు చూడకుండా చూస్తోంది.

పొద్దు బాగా ఎక్కాక వచ్చాడు. చేతిలో పచ్చి ఈతమట్టలతో కట్టిన చీపురు.

"ఇంతసేపేంది?" అంది వనజ.

"ఇంట్ల ఒక్కటే చీపురున్నది. అది నువ్వెత్తుకొచ్చినవ్. నేను కట్టుకోవద్దా?" అని విసుక్కుంటూ, అందరికంటే ముందు గుట్ట ఎక్కాడు.

వనజ కొంగుతో మొహం తుడుచుకుని అతని వెనకే వెళ్లింది.

ఇంటికొచ్చి సుశీలకు అంతా చెప్పాను. సుశీల నా భార్య. కుంచెడు బియ్యం మాట రాగానే కూర తరుగుతున్న చెయ్యి ఆపింది.

"అత్తయ్య నాకు చెప్పారండీ. ఆ బియ్యం తిరిగిద్దామని రెండుసార్లు పట్టుకెళ్లారట. జంపక్క అత్తగారు 'వెదురు పూసిందా మరి?' అని నవ్వి, టీ ఇచ్చి పంపేశారట. పోయేముందు కూడా అడిగారు నన్ను, వెదురు పూసిందేమో కనుక్కోవే అని. మతి తప్పి ఏదో అంటున్నారనుకున్నాను."

మళ్లీ కూర తరగడం మొదలుపెట్టింది. తర్వాత ఆమే, "పందిరెలాగ మరి?" అంది.

"పైపులు అద్దెకు తెచ్చి వేస్తాను. చేసేదేముంది."

"మావయ్యగారి పందిరికి పైపులా?" అని ఊరుకుంది. ఆ ఊరుకోవడమే నాకు కష్టంగా తోచింది. సత్రానికి వెళ్లి చేతులెత్తేస్తే ఆ పని ఇక మళ్లీ నా దగ్గరికి రాదు. పైపులు తెచ్చి వేస్తే వచ్చే ఏడు నేనెందుకు వాళ్లకి, పైపులవాడే చాలు కదా. అలా నాలుగు రోజులు నలిగాను.

అయిదో రోజు వనజ ఫోన్ చేసింది. "అన్నా, శుక్రారం ట్రాక్టర్ పట్టుకొని జల్దీ రా. తాళ్లు గూడ తెచ్చుకో."

"గుట్ట నరుకుతున్నారా ఏంటి?"

"నువ్వు రా ముందు."

వెళ్లి చూస్తే గుంపులో ప్రతి ఇంటి ముందూ నల్లటి బొంగులు. పొయ్యి పైన అటక మీద పెట్టుకుంటారు వాటిని. కొడుకో కూతురో వేరు కాపురం పెడితే కొత్త ఇంటికి వాసాలుగా వేస్తారు. ఏళ్ల తరబడి పొగ తాగి నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. గోరుతో గీస్తే గీత పడలేదు. పురుగన్నది దగ్గరికే రాలేదు. వీరబాబు అటక మీద నిలబడి ఒక్కొక్కటీ కిందికి అందిస్తున్నాడు. ఒళ్లంతా మసి, పళ్లు మాత్రం తెల్లగా.

"ఇవి మీ పిల్లల ఇళ్లకు కదమ్మా. ఇవి కొనడం నాకు..." అని నేను తడబడుతుంటే వనజ అడ్డుపడింది.

"ఎవలు అమ్ముతమన్నరు? కిరాయికిస్తున్నం. నీ పందిరి నాలుగు రోజులు ఉంటది. నాలుగు రోజులకు బొంగు కొనుడెందుకు, నరుకుడెందుకు? నవమి ఎల్లినంక ఏ ఇంటిది ఆ ఇంటికి తెచ్చియ్యి. ఈ పదేండ్లు మా సంఘం గిదే చేస్తది."

ముప్పై ఏళ్లుగా పందిళ్లు వేస్తున్నవాణ్ని, ఈ ఆలోచన నాకెందుకు రాలేదు?

బొంగులు కడుతుంటే జంపక్క పక్కన వచ్చి కూర్చుంది. ఎందుకో ఆమెతో నా చిన్ననాటి సందేహం చెప్పాలనిపించింది. చెప్పాను. పర్ణశాలకు వెదురు ఎవరిని అడిగి నరికారు పెద్దమ్మా అన్నాను.

"అడిగే ఉంటరు. అడగకుంటే మా తాతలు ఊకుంటరా?" అంది ఆమె తడుముకోకుండా.

"ఎవరు అడిగుంటారు? రాములవారా?"

"మొగోళ్లకు అడుగుడు ఎక్కడ చేతనైతది? సీతమ్మనే అడిగి ఉంటది." తాడు నాకు అందిస్తూ, "మేము గూడ ఇచ్చే ఉంటం. మంచోళ్లు గద," అంది.

దాసుగారి మాటకంటే ఈ మాట నాకు మనసుకు పట్టింది. అలాగని ఇదే నిజమని వాదించను.

పందిరి లేచింది. పైన తాటాకు, కింద నల్లటి బొంగులు. సత్రం పెద్దల్లో ఒకాయన చుట్టూ తిరిగి, "ఏంటయ్యా నారాయణా, వంటింట్లోంచి పీక్కొచ్చినట్టున్నాయి" అన్నాడు.

"అవునండి, వంటింట్లోంచే," అన్నాను.

ఎండ ముదిరేసరికి భక్తులు రావడం మొదలైంది. కాళ్లకు బొబ్బలెక్కినవాళ్లు, చంటిపిల్లలవాళ్లు, రామనామం అనే ఓపిక కూడా లేనివాళ్లు వచ్చి ఆ నీడలో కూలబడ్డారు. పందిరంతా సన్నగా పొగవాసన. ఒక ముసలావిడ కళ్లు మూసుకుని, "మా అమ్మ వంటిల్లు గుర్తొస్తోంది" అంది. ఆ మాట సత్రం పెద్దాయన కూడా విన్నాడు. సాయంత్రం మజ్జిగ పోస్తూ నా దగ్గరకొచ్చి, "వచ్చే ఏడు కూడా ఇవే తెస్తావా?" అని అడిగాడు.

నవమి ముందురోజు గుంపు ఆడవాళ్లు ఆటో కట్టించుకుని వచ్చారు. కల్యాణానికి భద్రాచలం వెళ్తూ ఆగారు. నీడలో కూర్చుని, మజ్జిగ తాగి, తలలు పైకెత్తి వెతుక్కోవడం మొదలుపెట్టారు. "అగో, గది మా ఇంటిది." "కాదే, మాది. ఆ పగులు సూడు." "మా ఎదురు మీదనే తాటాకు మంచిగ నిలబడ్డది." జంపక్క మాత్రం తనదైన బొంగును కనిపెట్టి సరిగ్గా దాని కిందికి జరిగి కూర్చుంది.

నవమి వెళ్లిన వారానికి బొంగులన్నీ తిరిగి ట్రాక్టర్‌కెత్తించాను. సుశీల కూడా వస్తానంది. చేతిలో మా అమ్మ కుంచం, దాని నిండా బియ్యం కుప్పగా పోసి, పైన గుడ్డ కప్పి, దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గతుకుల్లో ఒక్క గింజ ఒలకనివ్వలేదు.

గుట్ట మీద గింజ రాలుతోంది. ఊడ్చిన నేల మీద వడ్లలా పరుచుకుని ఉంది. కొంత ఏరి బస్తాలకెత్తారు, చాలా భాగం అలాగే వదిలేశారు. వాగు పక్కన వనజ నారుమడికి నేల తవ్విస్తోంది. బోడిగా ఉన్న అవతలి గుట్టకు కూడా వానలు పడగానే నారు వేస్తారట. మొదటి గడ్డపార వీరబాబుది.

ఏ ఇంటి బొంగులు ఆ ఇంటి ముందు దించాం. ఆఖరున జంపక్క ఇంటి దగ్గర సుశీల దిగి, కుంచం మీది గుడ్డ తీసింది.

"పెద్దమ్మా, వెదురు పూసింది కదా. మా అత్తయ్య పంపించారు."

జంపక్క కుంచాన్ని చూసింది, సుశీలను చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. లోపలికి వెళ్లి చేట తెచ్చి నేలమీద పెట్టింది. కుంచం అందుకుని, అరచేత్తో పైన గీసి, కుప్పగా ఉన్న బియ్యాన్ని సుశీల కొంగులోకి తోసింది.

"ఉంచండి పెద్దమ్మా. వడ్డీ అనుకోండి."

"మా అత్త పోసింది చదును కుంచం. ఎదురుకు వడ్డీ లేదు బిడ్డా."

మిగిలింది చేటలో పోసుకుంది. కుంచాన్ని బోర్లించి, అడుగున రెండుసార్లు తట్టి, లోపల గింజ లేదని మాకు చూపించి, సుశీల చేతికిచ్చింది.

"ముట్టింది. ఇగ కూసోండ్రి, చాయ్ పెడత."